మిరపలంక వారి విన్నపం

పెద్దేటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని కుముదకేతు మహారాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కోపం తక్కువ, జాలి ఎక్కువ, యుద్ధాల జోలికి పోయేవాడు కాదు. కాకపోతే నలభయ్యో ఏట ఆయనకు అలంకారాల పిచ్చి పట్టుకుంది. చిన్నప్పుడే పట్టుకుని ఉంటే చదువుతో పాటు వదిలిపోయేదేమో. సింహాసనం మీద కూర్చున్నాక పట్టుకుంది కాబట్టి దాన్ని దేశమంతా మోయవలసి వచ్చింది.

పట్టించినవాడు ఆస్థాన పండితుడు విరూపాక్షావధాని. ఆయన ఎడమకాలికి బంగారు గండపెండేరం ఉండేది. రాజుగారి తండ్రి, పెద్దరాజుగారు సభలో తొడిగించినది. కాలు కదిపితే ఘల్లుమనేది. అవధానిగారు అవసరమున్నా లేకపోయినా కాలు కదుపుతూనే ఉండేవాడు.

మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే ఆయన రాజుగారికి పాఠం చెప్పాడు. ఒకదాన్ని ఇంకొకదానితో పోలిస్తే ఉపమ. ఇదే అది అనేస్తే రూపకం. ఉన్నదానికి మించి చెబితే అతిశయోక్తి. ఇలా తాటాకుల పుస్తకం ఒక్కొక్క ఆకూ తిప్పుకుంటూ వచ్చి, చిట్టచివరి ఆకు దగ్గర ఆగి, తాడు చుట్టి కట్టేశాడు.

"ఆ ఆకులో ఏముంది?" అని అడిగాడు రాజు.

"చిన్న సంగతి ప్రభూ. ఏలినవారి స్థాయికి తగదు," అన్నాడు అవధాని.

స్థాయి అన్న మాట వినగానే రాజుగారు ఇంకేమీ అడగలేదు.

ఆ మర్నాడే శాసనం పుట్టింది. సభలో చదివే ప్రతి విన్నపంలోనూ ఒక్క అలంకారమైనా ఉండితీరాలి. లేనిది చెల్లదు. ఉందో లేదో తేల్చేది అవధాని. లేకపోతే ఆయన గండపెండేరం ఒకసారి ఘల్లుమంటుంది. విన్నపం తెచ్చినవాడు మూట సర్దుకుని వచ్చిన దారి పట్టాలి.

ఒక రైతు ఆవు పోయింది. పాపం, ఎవరో చెబితే విని, "కామధేనువు లాంటి నా ఆవును ఎవరో తోలుకుపోయారు," అని రాయించుకొచ్చాడు. రాజుగారు ఉపమను మెచ్చుకున్నాడు. ఆవు పోలిక ఎంత కుదిరిందో అవధానిగారు గడియసేపు వివరించాడు. రైతు రెండు చేతులూ జోడించి విన్నాడు. ఆవు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

శాసనం అక్కడితో ఆగలేదు. భోజనశాలలోకి కూడా వచ్చింది. వడ్డించేవాడు ప్రతి పదార్థాన్నీ అలంకారంతో చెప్పి వడ్డించాలి. తినేవాడు ఏది కావాలన్నా అలంకారంతోనే అడగాలి. అడగలేనివాడికి వడ్డన లేదు. దండనాయకుడు కత్తిపట్టినవాడు, ఆయనకు ఉపమలు ఎక్కడినుంచి వస్తాయి? నెల రోజులుగా మజ్జిగ లేకుండానే చెయ్యి కడుక్కుంటున్నాడు.

ఇలా ఉండగా జ్యేష్ఠమాసంలో ఒకనాడు చుక్కమ్మ అనే ఆవిడ సభకు వచ్చింది. ఆవిడది మిరపలంక. ఏటి నడుమ ఉన్న ఊరు, మిరపతోటలే బతుకు. ఆవిడ చంకన ఒక జాడీ ఉంది, చేతిలో ఒక విన్నపం ఉంది. సభలో విన్నపాలు చదివేవాడు రాయసం చిట్టెన. రాజుగారి దగ్గర రాతపని అతనిది. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎవరు ఏం రాసినా ముఖంలో ఏ మార్పూ లేకుండా చదివేస్తాడు.

చిట్టెన విన్నపం అందుకుని చదివాడు.

"మా లంక తల దగ్గర గట్టు మూడు చోట్ల కోసుకుపోయింది. పందికొక్కులు బొరియలు పెట్టాయి. లంకలో నూట పది గడపలున్నాయి. ఆషాఢంలో ఏరు పొంగితే గట్టు ఆగదు. నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి. రెండు వందల మంది మట్టిపనివాళ్ళను, పది పడవల రాతిని పంపించండి."

గండపెండేరం ఘల్లుమంది.

"అలంకారం లేదు. చెల్లదు," అన్నాడు అవధాని.

చుక్కమ్మ వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి సంతలో పద్యాలు కట్టే ఒకాయనకు బుట్టెడు మిరపకాయలు ఇచ్చి విన్నపం రాయించుకొచ్చింది. ఆయన పుచ్చుకున్న కాయలకు అన్యాయం చెయ్యలేదు. ఏరు ప్రళయకాలపు సముద్రమైంది. లంక తామరాకు మీద నీటిబొట్టు అయింది. నూట పది గడపలూ ఏటి నోట్లో ఒక్క గుక్కకు చాలవన్నాడు.

చిట్టెన చదువుతుంటే రాజుగారు సింహాసనం మీద ముందుకు జరిగాడు.

"ఆహా! నూట పది గడపలు, ఒక్క గుక్క! అతిశయోక్తి అంటే ఇలా ఉండాలి అవధానిగారూ!"

"ఇంతకు మించి ఎవరూ చెప్పలేరు ప్రభూ," అన్నాడు అవధాని.

రాజుగారు అప్పటికప్పుడు జరీ శాలువా తెప్పించి చుక్కమ్మకు కప్పించాడు. సభ చప్పట్లు కొట్టింది.

"ప్రభూ, మరి గట్టు సంగతి?" అన్నాడు చిట్టెన.

"ఏ గట్టు?" అన్నాడు రాజు. ఆయన నిజంగానే అడిగాడు. తరువాతి విన్నపం చదవమన్నాడు.

సభ ముగిసేసరికి చుక్కమ్మ కోట మెట్ల మీద కూర్చుని ఉంది. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన జాడీ అలాగే ఉంది. చిట్టెనను చూసి లేచి నిలబడింది.

"రాయసం బాబూ, ఒక్క మాట సెప్పండి. ఈ శాలువా కప్పితే మా గట్టు ఆగుద్దా?"

చిట్టెన మెట్టు దిగి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"పోయినేడు ఏరొచ్చినప్పుడు మా ఆడబిడ్డ ఇల్లు పోయింది బాబూ. గోడలు, దూలం, పొయ్యి, ఏదీ మిగల్లేదు. మనుషులు సెట్టెక్కి బతికారు. అప్పుడు గట్టు కోసుకుంది ఒక్క సోటే. ఇప్పుడు మూడు సోట్ల కోసుకుంది. మొదట ఉన్నదున్నట్టు రాయిస్తే సెల్లదన్నారు. తరవాత పెంచి రాయిస్తే బాగుందన్నారు. మూడోసారి ఏం రాయించాలో నాకు తెలవటం లేదు."

చిట్టెనకు సిగ్గేసింది. రెండు విన్నపాలూ చదివింది తానే. రెండుసార్లూ ముఖంలో ఏ మార్పూ లేకుండానే చదివాడు.

"ఆ జాడీలో ఏముందమ్మా?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"కొరివికారం, పండుమిరప పచ్చడి. రాజుగారి దగ్గరికి ఉత్త సేతుల్తో ఎల్లకూడదని తెచ్చా. ఎవరూ పుచ్చుకోలేదు."

చిట్టెన మూత తీసి చిటికెనవేలి కొసతో కాస్త తీసుకుని నాలుక మీద రాసుకున్నాడు. తరువాత మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చాలాసేపటికి గొంతు వచ్చింది.

"దీన్ని ఎలా తింటారు?"

"ఏడి అన్నంలో గోరంత, గరిటెడు నెయ్యి. మా లంకలో పుట్టినోళ్ళూ అంతే తింటారు. కొత్తోళ్ళు ముద్దంత తింటే..."

"తింటే?"

"సచ్చిపోరులే బాబూ. కాసేపు ఎవరి పేరూ గుర్తుండదు."

చిట్టెన జాడీ వైపు చూశాడు. శాలువా వైపు చూశాడు. మొదటిసారిగా అతని ముఖంలో మార్పు వచ్చింది.

"చుక్కమ్మా, రేపు మధ్యాహ్నం రాజుగారి పంక్తిలో నీ కానుక నువ్వే వడ్డిద్దువు గాని. ఏర్పాటు నేను చేస్తాను. ఆయన ముద్ద ఎత్తేలోపు దీని సంగతి ఉన్నదంతా చెప్పు. ఒక్క ముక్క దాచకు. నేనూ చెబుతాను."

"నిజం సెబితే రాజుగారు తినరు గదా?"

"మన రాజుగారు నిజాన్ని ఏం చేస్తారో రెండుసార్లు చూశావు కదమ్మా," అన్నాడు చిట్టెన.

మర్నాడు మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. రాజుగారి కుడిపక్కన అవధాని, ఎడమపక్కన మంత్రి, ఆయన పక్కన చిట్టెన, చివరన దండనాయకుడు. వంటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అలంకారం చెబుతూ వడ్డించారు. పప్పు బంగారమైంది. అప్పడం పున్నమి చంద్రుడైంది. అప్పుడు చుక్కమ్మ జాడీతో వచ్చింది. ఎర్రటి పచ్చడి ఒక ఉసిరికాయంత తీసి రాజుగారి ఆకు చివర పెట్టింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు రాజు.

"నిప్పు మారాజా," అంది చుక్కమ్మ.

"రూపకం!" అన్నాడు రాజు. అవధాని తల ఊపాడు.

"గోరంత అద్దుకోండి మారాజా. ముద్దంత తింటే నోట్లో లంకాదహనమే."

"అతిశయోక్తి! రామాయణాన్ని నోట్లోకి తెచ్చింది చూశారా అవధానిగారూ! పల్లెపట్టున ఇంత ప్రతిభ ఉందని మనకు ఇన్నాళ్ళూ తెలియలేదు!" రాజుగారు ఆ ఉసిరికాయంత పచ్చడీ అన్నంలో కలిపి ముద్ద చెయ్యడం మొదలుపెట్టాడు.

చిట్టెన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, అది చాలా కారంగా ఉంటుంది. అంత తినకండి."

గండపెండేరం ఘల్లుమంది.

"ఇందులో అలంకారమేదీ? చెల్లదు. కూర్చో," అన్నాడు అవధాని.

చిట్టెన కూర్చున్నాడు. రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మొదట ఏమీ జరగలేదు. ఆయన రెండుసార్లు నమిలాడు. బాగుందనడానికి తల కూడా ఊపబోయాడు. ఆ ఊపు సగంలో ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. కళ్ళు అంతకుముందు ఎన్నడూ లేనంత పెద్దవయ్యాయి.

"నీళ్ళు!" అన్నాడు.

వెండి చెంబు పట్టుకున్న పరిచారకుడు అడుగు ముందుకు వేసి, ఆగాడు. శాసనం ఉంది కదా. అవధాని వైపు చూశాడు. ఎన్నాళ్ళుగానో ఉన్న అలవాటు, అవధాని కాలు దానంతట అదే కదిలింది. ఘల్లుమంది.

ఆ చప్పుడుకు అందరికంటే ఎక్కువగా అదిరిపడింది అవధానే.

"ప్రభూ, ఒక్క చిన్న ఉపమ... చాతక పక్షి లాగా అని ఒక్క మాట..." అని నసిగాడు.

"నీళ్ళురా! నీళ్ళు!" రాజుగారు నేల మీద అరచేత్తో కొట్టాడు. పరిచారకుడు చెంబు ఎత్తి, మళ్ళీ దించాడు. ఇస్తే శాసనం తప్పినట్టు, ఇవ్వకపోతే రాజు మాట తప్పినట్టు.

"పొయ్యవయ్యా!" అని కేక వేశాడు చిట్టెన. "ఏలినవారు అన్నది అలంకారమే. పొయ్యి!"

చెంబు ఒంగింది. ఒకటి కాదు, మూడు చెంబులు ఒంగాయి. చుక్కమ్మ కొంగున కట్టుకున్న బెల్లంముక్క విప్పి, "నీళ్ళకి తగ్గదు మారాజా, ఇది బుగ్గనేసుకోండి," అని చేతికిచ్చింది. రాజుగారు బుగ్గన వేసుకున్నాడు. ఆ తరువాత చాలాసేపు పంక్తిలో ఎవరూ ఆకు ముట్టలేదు.

రాజుగారికి ఊపిరి అందింది. ఊపిరితో పాటు కోపమూ వచ్చింది. ఆయనకు కోపం తక్కువన్నాను గాని, ఉన్నదంతా ఆ పూట బయటికి వచ్చింది.

"చిట్టెనా! ఇది తింటే ఇలా అవుతుందని ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాం ప్రభూ. చుక్కమ్మ నిప్పు అంది. తమరు రూపకం అన్నారు. లంకాదహనం అంది. తమరు అతిశయోక్తి అన్నారు. నేను కారం అన్నాను. అవధానిగారు చెల్లదన్నారు."

రాజుగారు ఆకు చివర మిగిలిన ఎరుపు వైపు చూశాడు. బెల్లంముక్క ఇంకా బుగ్గనే ఉంది.

"సరే. నేను అన్నది ఒకే ఒక్క మాట. నీళ్ళు అన్నాను. అందులో నీకు అలంకారం ఎక్కడ కనబడింది?"

"చిట్టచివరి ఆకులో ప్రభూ," అన్నాడు చిట్టెన. "ఆ పుస్తకానికి నకలు రాసింది నేనే. చదివేవాళ్ళు ఆకు వదిలేసినా ఫరవాలేదు, రాసేవాడికి అది కుదరదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం అని ఒకటుంది. దాని పేరు స్వభావోక్తి. పూర్వులు దాన్ని కూడా అలంకారాల్లోనే చేర్చారు. నమ్మకపోతే అవధానిగారినే అడగండి. తమరు నీళ్ళు అన్నది అలంకారమో కాదో ఆయనే తేల్చాలి."

అందరూ అవధాని వైపు తిరిగారు. కాదంటే రాజుగారు తన శాసనాన్ని తానే తప్పినట్టు. ఆ మాట ఆయన ఎదుట అనాలంటే గుండె కావాలి. అవునంటే ఇన్నాళ్ళూ వెనక్కి పంపిన విన్నపాలన్నీ ఏమైనట్టు? అవధాని తన గండపెండేరం వైపు చూసుకున్నాడు. చప్పుడు కాకుండా కాలు జాగ్రత్తగా వెనక్కి లాక్కున్నాడు.

"అలంకారమే ప్రభూ," అన్నాడు చిన్నగా. "స్వభావోక్తి."

చిట్టెన నడుముకున్న తాటాకు తీసి రాజుగారి ముందు పెట్టాడు.

"అయితే ఇదీ చెల్లాలి ప్రభూ. చుక్కమ్మ తెచ్చిన మొదటి విన్నపం. నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి అని రాసింది. తమరికి నీళ్ళు కావాలి. వాళ్ళకు నీళ్ళు రాకూడదు. తమరు మూడు చెంబుల నీళ్ళకు కాసేపు ఆగలేకపోయారు. వాళ్ళు వారం నుంచీ ఆగుతున్నారు."

రాజుగారు తాటాకు అందుకుని తానే చదువుకున్నాడు. ఒకసారి చదివాడు. నూట పది గడపలన్న చోట ఆగి మళ్ళీ చదివాడు.

అప్పుడు పంక్తి చివరనుంచి ఒక గొంతు వినిపించింది. దండనాయకుడిది.

"మజ్జిగ," అన్నాడు.

పరిచారకుడు అవధాని వైపు చూశాడు. అవధాని నేల చూపులు చూస్తున్నాడు. మజ్జిగ వచ్చింది. నెల రోజుల మజ్జిగ దండనాయకుడు ఒక్కసారే తాగాడు. అది చూసి రాజుగారికి నవ్వు వచ్చింది. ముందు ఆపుకోబోయాడు. ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా నవ్వాడు. ఆ నీళ్ళలో కారం వల్ల వచ్చినవెన్నో, నవ్వు వల్ల వచ్చినవెన్నో చెప్పడం కష్టం.

"దండనాయకా," అన్నాడు నవ్వు తగ్గాక, "చెయ్యి కడుక్కుని వెంటనే బయలుదేరు. రెండు వందల మంది కాదు, నాలుగు వందల మందిని తీసుకువెళ్ళు. పది పడవల రాయి చాలకపోతే కోట వెనక కట్టిస్తున్న కవితామండపం రాయి ఉంది, అదీ ఎత్తుకెళ్ళు."

ఆ మండపం అవధానిగారి కోసం కడుతున్నది. ఆయన దానికీ తల ఊపాడు.

రాజుగారు చిట్టెన వైపు తిరిగాడు. "నీకేం కావాలో అడుగు. అలంకారం అక్కర్లేదు."

"విన్నపం చదివాక, దాని సంగతి తేలేదాకా రెండోది చదవనక్కర్లేదని ఆనతివ్వండి ప్రభూ," అన్నాడు చిట్టెన. రాజుగారు ఆనతి ఇచ్చాడు. అది చాలదన్నట్టు తన చేతి కడియం తీసి అతని చేతికి తొడిగాడు. సన్నటి చెయ్యి కావడంతో కడియం మోచేతిదాకా జారింది.

పని సాగింది. జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వచ్చింది. గట్టు పూర్తి కావడానికి ఇంకా నాలుగు రోజుల పనుందనగా రాజుగారు తానే పడవెక్కి చూడవెళ్ళాడు. చిట్టెన వెంట ఉన్నాడు. ఏరు అప్పటికే ఎర్రబారింది. గట్టు మీద చీమల బారులా జనం. ఊరివాళ్ళూ కోటవాళ్ళూ కలిసి మట్టి మోస్తున్నారు. దండనాయకుడు నడుముకు తువ్వాలు చుట్టుకుని రాళ్ళు పేర్పిస్తున్నాడు. మాటలతో పని లేని చోట ఆయన ముఖం వెలిగిపోతోంది.

చుక్కమ్మ మట్టితట్ట నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. తట్ట కింద తలకు చుట్టకుదురు ఉంది. అది ఎండలో తళుక్కుమంటోంది. రాజుగారు దగ్గరికి వెళ్ళి చూశాడు. జరీ.

"చుక్కమ్మా, అది నేను కప్పిన శాలువా కదూ?"

"అవును మారాజా," అంది చుక్కమ్మ, తట్ట దించకుండానే. "తలకి మెత్తగా ఉంది."

రాజుగారు చిట్టెన వైపు చూశాడు. చిట్టెన ముఖంలో ఏ మార్పూ లేదు. అప్పుడు రాజుగారు ఆ గట్టు మీద నిలబడి, ఏరు హోరు మీద వినబడేంత గట్టిగా నవ్వాడు. నవ్వి, భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి, నాలుగు మడతలు చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు.

"తట్ట ఎత్తండి," అన్నాడు.

శ్రావణంలో ఏరు పొంగింది. గట్టు అంచుకు జానెడు కిందిదాకా వచ్చి, మూడు రోజులుండి, తగ్గింది. నాలుగో రోజు మిరపలంక నుంచి పడవవాడు వచ్చి నిండుసభలో నిలబడ్డాడు. సరంగు మనిషి, ఎప్పుడూ సభ ముఖం చూసినవాడు కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలపాగా తీసి పట్టుకున్నాడు.

"ఏరొచ్చింది మారాజా," అన్నాడు. "గట్టు ఆగింది. ఊరుంది."

ఇంకేమైనా చెబుతాడేమోనని సభ చూసింది. చెప్పడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. రాజుగారు సింహాసనం దిగివచ్చి అతణ్ణి కావలించుకున్నాడు. అవధానిగారు, పాపం, ఎవరూ అడగకుండానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ కంగారులో గండపెండేరం కూడా ఘల్లుమంది గాని, ఆ పూట దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.